పద్నాలుగు పళ్ళ దవడ

మా ఆయన మీద నాకున్న ఫిర్యాదులన్నీ రాయాలంటే ఇంట్లో ఉన్న కాగితాలు చాలవు కాబట్టి ఒక్కటే చెబుతాను. ఆయన మనుషుల మొహాలు చూడరు, పళ్ళు చూస్తారు. పెళ్ళిచూపుల్లో నేను తలెత్తి నవ్వితే ఆయన కన్నార్పకుండా చూశారు. మురిసిపోయారనుకుని పాతికేళ్ళు నేనూ మురిశాను. మొన్నీమధ్య మాటల్లో అసలు సంగతి బయటపడింది. నా కింది వరసలో ఎడమపక్క రెండో పన్ను కాస్త ఒరిగి ఉందట. దాన్ని చక్కబెట్టాలంటే ఎంత అరగదియ్యాలా అని ఆలోచిస్తున్నారట.

ఆయన పేరు శివరామకృష్ణ. కట్టుడు పళ్ళు చేస్తారు. డాక్టరు కాదు. డాక్టర్లు రోగి నోటి అచ్చు తీసి పంపిస్తే దానికి సరిపడే సెట్టు తయారుచేసే మనిషి. తెనాలి నుంచి వచ్చి ముప్పై ఏళ్ళుగా ఇదే పని. శంషాబాద్ బస్టాండు వెనక చిన్న షాపు ఉంది. ఉగాది తర్వాత అక్కడ రోడ్డు వెడల్పు చేస్తూ షాపు మెట్లు కొట్టేశారు. దాంతో పనంతా మా ఇంటి వెనక వరండాలోకి వచ్చిపడింది.

నోటి అచ్చు అంటే ఏమిటో తెలియని అదృష్టవంతుల కోసం చెబుతున్నాను. గులాబి రంగు పొడిని నీళ్ళలో ముద్దగా కలిపి మనిషి నోట్లో పెట్టి, గట్టిపడ్డాక లాగేస్తారు. ఆ మనిషి పొద్దున తిన్న పాలకూర కూడా దానితో పాటు వచ్చేస్తుంది. కడిగే పంపిస్తారని మా ఆయన అంటారు. నేను చూశాను, కడగరు. ఇక పళ్ళు అతికించే ఆ లిక్విడ్ వాసనకి మా ఇంట్లో సాంబారు నెలరోజులు గోళ్ళరంగు రుచి వచ్చింది. ఒకరోజు ఫ్రిజ్‌లో పెరుగు గిన్నె పక్కన కొత్త స్టీలు డబ్బా కనబడితే మూత తీశాను. పై పలువరస ఒకటి నన్ను చూసి నవ్వింది. పళ్ళు గుచ్చి నిలబెట్టిన మైనం ఎండకి కరిగిపోతుందని పెట్టారట. ఆ పూట నేను పెరుగు వేసుకోలేదు. ఆయన వేసుకున్నారు.

ఇంతకన్నా అసహ్యం ఇంకేముంటుందిలే అనుకున్న రోజునే మా అమ్మాయి సంయుక్త సంచీలోంచి రెండు పుర్రెలు తీసి డైనింగ్ టేబుల్ మీద పెట్టింది.

సంయుక్త యూనివర్సిటీ హాస్టల్లో ఉండి ఆంత్రోపాలజీ ఎమ్మెస్సీ చదువుతోంది. ఆఖరి ఏడు. మనిషి మనిషెలా అయ్యాడో పాత ఎముకలు చూసి చెప్పే చదువు అది. నేనూ డిగ్రీలో జువాలజీ చదివినదాన్నే గానీ, బొద్దింకను కోసి ముక్కు మూసుకోవడంతో నా పరిశోధన ముగిసింది.

"ప్లాస్టిక్‌వే అమ్మా. స్కాన్ చూసి మెషీన్ మీద తీసినవి. డిపార్ట్‌మెంట్ వాళ్ళకి వెనక్కిచ్చెయ్యాలి. నాన్న వీటికి రబ్బరు అచ్చు తీసి, ప్లాస్టర్‌లో పోసిస్తే అవి నావి."

"ప్లాస్టిక్ అయితే నా టేబుల్ మీద ఎందుకే, దించు."

దించలేదు. సంచీలోంచి మూడోది తీసింది. అది పుర్రె కాదు, ఒట్టి కింది దవడ. ముందు పళ్ళు రాలిపోయి, వెనకవి మాత్రం మిగిలాయి.

"నాన్నా, ఇది నియాండర్తల్ పుర్రె, ఎప్పుడో అంతరించిపోయిన ఇంకో మానవజాతి. కనుబొమల దగ్గర గట్టు చూడు. ఇదేమో మనలాంటి మనిషిది. అసలు సంగతి ఈ దవడలో ఉంది. రుమేనియాలో ఒక గుహలో దొరికింది, నలభై వేల ఏళ్ళ నాటిది. గడ్డం మనలాగే ఉందా? జ్ఞానదంతం చూడు, ఎంత ఉందో. మన మనుషులకి అంతలేసి ఉండవు. ఎముకలోంచి డీఎన్ఏ తీసి చూస్తే, ఇతనికి నాలుగు నుంచి ఆరు తరాల వెనక ఒక నియాండర్తల్ ఉన్నట్టు తేలింది."

"ఉన్నట్టంటే?"

"ముత్తాతకి తండ్రో, తాతమ్మకి తల్లో."

మా ఆయన గట్టు మొహాన్నీ, మామూలు మొహాన్నీ, మధ్యలో ఉన్న దవడనీ మార్చి మార్చి చూశారు. "అంటే వీళ్ళూ వాళ్ళూ కలిసి... కాపురం చేశారా?"

"చేశారు."

"ఛీ."

"ఛీ ఎందుకండీ," అన్నాను, "మీరు తెనాలి, మేము అనకాపల్లి. మనం చెయ్యట్లేదా?"

"మనిద్దరం మనుషులమే కదే!"

"మీ అమ్మగారు పోయేదాకా ఆ మాట ఒప్పుకోలేదు."

సంయుక్త నవ్వు ఆపుకుంటూ, "నీలోనూ నాలోనూ కూడా నూటికి ఒకటో రెండో పాళ్ళు నియాండర్తల్ ఉంది నాన్నా," అంది. మా ఆయన లేచి సింకు దగ్గరికి వెళ్ళి నోరు పుక్కిలించి వచ్చారు.

నవ్వులాటలా చెబుతున్నాను గానీ పిల్లకి అది నవ్వులాట కాదు. పుణెలో ఇలాంటి ఎముకల మీద పనిచేసే బృందంలో రెండేళ్ళ ఉద్యోగం ఒకటి ఉంది. వేదవతి మేడమ్ అని, రిటైరైన ప్రొఫెసరు, ఆ బృందానికి పెద్ద. క్లాసు మొత్తంలో ఒక్కరినే తీసుకెళతారు. సంయుక్త ఆ దవడలోని పన్నుపన్నూ కొలిచి రిపోర్టు రాసింది. వచ్చే ఆదివారం మేడమ్ మా ఇంటికొచ్చి, రిపోర్టూ, నమూనాలూ పక్కపక్కన పెట్టి చూసి ఏదో ఒకటి తేలుస్తారు. ఆవిడకి ఒక్కటే పట్టింపు. రెండేళ్ళ కిందట ఎవరో అబ్బాయి కొలవకుండానే ఒక అంకె వేశాడని తెలిసిందట. ఇప్పుడు ఆ అబ్బాయి ఎక్కడో చీరల షాపులో ఉన్నాడట.

"నాన్న పోస్తే వెంట్రుకవాసి తేడా రాదు," అని ధీమాగా చెప్పి, మా ఆయన అచ్చులు తియ్యగానే ప్లాస్టిక్‌వి పట్టుకుని హాస్టల్‌కి వెళ్ళిపోయింది.

ఆ వారమంతా మా మేడ మీద ఒక బట్ట మీద చల్లమిరపకాయలు, పక్క బట్ట మీద పుర్రెలు ఎండాయి. ఎయిర్‌పోర్టులో దిగబోయే విమానాలు మా మేడకి కాస్త పైనుంచే, చక్రాలు వేలాడేసుకుని వెళతాయి. కిటికీ పక్క సీట్లవాళ్ళు హైదరాబాదు గురించి ఏమనుకున్నారో తెలియదు. నేను మాత్రం ముక్కుకి కొంగు అడ్డం పెట్టుకుని మిరపకాయలు తిరగేసి వచ్చేదాన్ని. అటు చూసేదాన్ని కాదు.

శనివారం పొద్దున్న మంఖాల్ నుంచి ఐలయ్య వచ్చాడు. అరవై దాటిన రైతు. పది రోజుల కిందట మా ఆయన చేసిన సెట్టు పెట్టుకున్నాడు. ఇప్పుడది నోట్లో లేదు, చేతిలో ముడేసిన దస్తీలో ఉంది.

"అక్కా, సార్ ఉన్నడా? గివి నా పండ్లు కావు."

మా ఆయన వరండాలోంచే, "మీవే ఐలయ్యగారూ. మీ నోటి కొలతకే చేశాను. ఇంత చక్కని సెట్టు మీ ఊళ్ళో ఇంకొకరికి లేదు," అన్నారు.

"చక్కగనే ఉన్నయ్ సారూ, నేను కాదంటలేను. గని అండ్ల నేను లేను." దస్తీ విప్పి సెట్టు బల్ల మీద పెట్టాడు. నేను కళ్ళు పక్కకి తిప్పుకున్నాను. "నా పండ్లు జర ముంగటికుంటుండె. మా బాపువి గూడ గట్లనే. ఇప్పుడు అద్దంల జూస్తే ఎవడో బ్యాంకు మేనేజర్ కనవడుతున్నడు. నా మనుమరాలు దగ్గరకే వస్తలేదు. పరేషాన్ అయిపోయిన."

"ఎత్తుపళ్ళు మళ్ళీ ఎత్తుగా ఎవరైనా కడతారా? నా చేతి మీదుగా వంకరది బయటికి పోదు."

"నీ చెయ్యి మంచిదే సారూ. నోరు నాది గదా."

మా ఆయన ఆకురాయి తీసుకుని ఏదో రుద్దడం మొదలుపెట్టారు. ఐలయ్య చూపు బల్ల చివరన ఉన్న దవడ మీద పడింది. నేను వద్దు వద్దు అనేలోపే దాన్ని చేతిలోకి తీసుకున్నాడు.

"గిది ఎవరిది సారూ?"

"అది మీకు తెలీదులే, పెట్టెయ్యండి."

"తెల్వకేంది? నాకు వెట్టినయే దీనికి గూడ వెట్టినవ్. జర చూడక్కా, రెండు ఒక్కతీర్గనే లేవా?"

కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుని దూరం నుంచే వంగి చూశాను. నిజమే. రుమేనియా గుహలో రాలిపోయిన ముందు పళ్ళన్నీ శంషాబాద్‌లో తిరిగి మొలిచాయి. తెల్లగా, చిన్నగా, బియ్యం గింజల్లా. ముందు నుంచి వెనకదాకా లెక్కపెట్టాను. నా చదువు బొద్దింక దగ్గర ఆగినా లెక్కలు వచ్చు. ఇటు ఏడు, అటు ఏడు. నలభై వేల ఏళ్ళ నాటి మనిషికీ, మంఖాల్ ఐలయ్యకీ ఒకటే నవ్వు.

"సోమారం వస్త. నా ఎత్తుపండ్లు నాకియ్యి సారూ," అని చెప్పి ఐలయ్య బండి స్టార్టు చేసుకుని వెళ్ళిపోయాడు.

"జ్ఞానదంతాలు ఏవండీ?" అన్నాను.

"సెట్టులో జ్ఞానదంతం పెట్టరు. పక్కకి ఏడే. ముప్పై ఏళ్ళుగా ఏడే."

"ఇది సెట్టు కాదు!"

"నోట్లోకి వెళ్ళేది ఏదైనా సెట్టే."

"ఎవరి నోట్లోకి? ఆయన పోయి నలభై వేల ఏళ్ళయింది."

ఆకురాయి కింద పెట్టారు. "అసలు ఆ పన్ను చూశావా నువ్వు? వెనక్కి పోయేకొద్దీ పళ్ళు చిన్నవి కావాలి. అది ఎద్దు పన్నులా ఉంది. అచ్చులోంచి ఊడి రాగానే దాని మీద గుడ్డ కప్పేశాను. అటూ కాదు, ఇటూ కాదు. అలాంటిది నా చేత్తో పోసి, నా కూతురు చేసిందని చెప్పి పంపనా? నలుగురిలో దాని పరువేం కాను? అందుకే కాస్త శుభ్రం చేశాను."

"ఆ పన్ను కోసమే కదండీ అది మన ఇంటికొచ్చింది! పిల్ల రిపోర్టంతా దాని కొలతలే. రేపు మేడమ్ వచ్చి చూస్తే ఏమంటారు?"

"మంచి పళ్ళు చూసి ఎవరూ ఏమీ అనరు."

ముప్పై ఏళ్ళుగా ఆ మాటకి ఎవరూ అడ్డు చెప్పలేదు, నిజమే. చెప్పడానికి నోళ్ళు ఆయన దగ్గరికి వచ్చేవి కావు, అచ్చులే వచ్చేవి. నేను ఊరుకోలేదు. సంయుక్తకి ఫోన్ చేస్తానన్నాను. అప్పుడు దిగొచ్చి, "సరేలే, పిల్లని కంగారుపెట్టకు. రబ్బరు అచ్చు ఉందిగా, సాయంత్రానికి మళ్ళీ పోస్తాను," అన్నారు.

సాయంత్రం ఒక చీర పెట్టె తెచ్చి అలమరలో పెట్టారు. లోపల దూది.

"మార్చారా?"

"కావలిస్తే చూసుకో."

తెరిచి చూస్తే సరిపోయేది. నేను తెరవలేదు. ఆ దూదిలో వేళ్ళు పెట్టాలన్న ఊహకే నా అరచేతులు జిడ్డుగా అనిపించాయి. అసహ్యం పడే హక్కు ఆయన ఒక్కరికే ఉందనుకున్నాను గానీ, ఆ రోజు ఇద్దరం సమానంగా పంచుకున్నాం.

శంషాబాద్‌లో ఇల్లున్నవాళ్ళకి అతిథుల కొరత ఉండదు. విమానం ఎక్కబోయేవాళ్ళందరికీ మన ఇల్లే ముందు గది. టిఫిను తింటారు, బాత్రూం వాడుకుంటారు, బరువెక్కువైన పెట్టెల్లోని ఊరగాయ మనకి వదిలేసి పోతారు. వేదవతి మేడమ్ కూడా ఆదివారం అలాగే, ఒంటిగంట విమానానికి పదింటికే వచ్చారు. సంయుక్త ఆవిడని క్యాబ్‌లో తీసుకొచ్చింది. పిల్ల మొహంలో నిద్ర లేదు. రిపోర్టు గుండెకి హత్తుకుని కూర్చుంది.

నేను ఉప్మా పెట్టాను. ఆవిడ ఒక చేత్తో తింటూ, రెండో చేతి బొటనవేలు నియాండర్తల్ కంటిగుంటలో పెట్టి పుర్రెని తిప్పుతూ చూశారు. ఆ వేలు తర్వాత ఎక్కడికి వెళుతుందోనని నేను దానినే చూస్తూ నిలబడ్డాను. అది జీడిపప్పు దగ్గరికే వెళ్ళింది. నాకు ఆ పూట ఉప్మా లేదని అర్థమైంది.

"చక్కగా పోశారు," అన్నారు మేడమ్. "కొలతలు కూడా సరిగ్గా ఉన్నాయి. రెండో పుర్రె కూడా బావుంది. దవడ ఏదమ్మా?"

సంయుక్త చీర పెట్టె తెరిచింది. దూది తొలగించింది. తీసి టేబుల్ మీద పెట్టబోయిన చెయ్యి గాలిలో ఆగిపోయింది.

తెల్లగా, చిన్నగా, బియ్యం గింజల్లా. అదే నవ్వు. మళ్ళీ పోయలేదు.

నేను మా ఆయన వైపు చూశాను. వంటింటి గుమ్మం దగ్గర నిలబడి ఉన్నారు. కాలెండరు చూస్తున్నారు. ఆ క్షణాన ఫ్రిజ్‌లో పలువరసలు, పాలకూర అచ్చులు, ఎంగిలి దస్తీలు, ఏవీ నాకు అసహ్యం అనిపించలేదు. ఆయన ఆ కాలెండరు చూడటం అసహ్యం అనిపించింది.

మేడమ్ దవడ అందుకుని కళ్ళజోడు పైకి తోసుకున్నారు. రిపోర్టులో ఒక పేజీ తెరిచారు. దవడ చూశారు. పేజీ చూశారు.

"జ్ఞానదంతం వెడల్పు ఇంత, పొడవు ఇంత అని రాశావు. ఏదమ్మా ఆ పన్ను?"

సంయుక్త ఒక్కసారి తండ్రి వైపు చూసింది. ఒక్కసారే. "నేను... నిన్ననే వచ్చి సరిచూసుకోవాల్సింది మేడమ్. తప్పు నాదే."

"సరిచూసుకోవడం మాట కాదు. నాకు కనబడుతున్నవి పద్నాలుగు పళ్ళు. నువ్వు కొలిచిన పన్ను ఇందులో లేదు. లేని పంటికి కొలత రాశావా?"

"లేదు మేడమ్, కొలిచాను."

"దేని మీద?"

"డిపార్ట్‌మెంట్ మోడల్ మీద."

"దాన్ని చూసి పోసిందే కదా ఇది? మరి అందులో ఉన్నది ఇందులో ఎందుకు లేదు? రెండింట్లో ఒకటి అబద్ధమమ్మా. అయితే నీ దవడ, లేకపోతే నీ అంకె."

సంయుక్త టేబుల్ మీది దూది పోగుచేసి పెట్టెలో పెట్టింది. మా నాన్న చేశారు మేడమ్ అంటే నాలుగు మాటల్లో అయిపోయేది. ఆ నాలుగు మాటలూ అది ఎందుకు అనడం లేదో నాకు తెలుస్తూనే ఉంది. తండ్రి పనిని అది చిన్నప్పటి నుంచి బళ్ళో గొప్పగా చెప్పుకుంది.

నేను చెప్పెయ్యచ్చు. నాలుక చివరిదాకా వచ్చింది కూడా. కానీ నేను చెబితే, ఆయన జీవితాంతం 'నువ్వే గోల చేశావు' అని నన్నే దెప్పుతారు. అందుకని చాలా మర్యాదగా, "ఏవండీ, మేడమ్‌కి కాఫీ తెచ్చిపెడతారా? స్టవ్ మీదే ఉంది," అన్నాను.

ఆయన పెళ్ళైన దగ్గర్నుంచి ఎవరికీ కాఫీ తెచ్చిపెట్టలేదు. కాలెండరు వదిలి లోపలికి వెళ్ళారు. గ్లాసు పట్టుకుని వచ్చారు. టేబుల్ మీద గ్లాసు పెట్టడానికి చోటు ఆ దవడ పక్కనే ఉంది. పెట్టారు. పెట్టాక వెనక్కి పోదామంటే నేను గుమ్మంలో ఉన్నాను.

మేడమ్ దవడని కిటికీ వెలుతురుకి ఎత్తి పట్టుకున్నారు. "పని మాత్రం చాలా గొప్పగా ఉంది. ఈ ముందు పళ్ళు అమర్చిన తీరు చూడండి, పంటికీ పంటికీ మధ్య దారం కూడా దూరదు. ముప్పై ఏళ్ళు చేస్తే గానీ రాదు ఈ చెయ్యి. ఇది ఈ పిల్ల పని కాదు." సంయుక్త వైపు తిరిగారు. "ఎవరమ్మా చేసింది?"

ముప్పై ఏళ్ళలో మా ఆయన పనిని అంత బాగా మెచ్చుకున్న మనిషి లేడు. ఐలయ్య అయితే దస్తీలో చుట్టి తెచ్చాడు. ఆయన మొహంలో అలవాటు చొప్పున ఒక వెలుగు వచ్చింది. నోరు తెరవబోయి, పిల్లని చూశారు. అది రిపోర్టు వెనక్కి తీసుకుని, మూసేసి ఒళ్ళో పెట్టుకుని, ఆ అట్ట మీద తన పేరుని బొటనవేలితో కప్పి కూర్చుంది. వెలుగు పోయింది.

పైనుంచి ఒక విమానం వెళ్ళింది. గ్లాసులో కాఫీ వణికింది. ఆయన గ్లాసుని దవడకి దూరంగా జరిపారు.

"ఆ పన్ను ఉందండీ," అన్నారు మా ఆయన. మేడమ్‌తో కాదు, దవడతో అంటున్నట్టు. "రెండు పక్కలా ఉంది. అమ్మాయి రాసిన కొలత సరైనదే. రబ్బరు అచ్చు వరండాలో ఉంది, తెచ్చి చూపిస్తాను. అందులో ఇంకా అలాగే ఉంది."

"మరి ఇందులో?"

"నేను అరగదీశాను. ముందు పళ్ళు కూడా నేనే పెట్టాను. దానికేమీ తెలీదు. వీళ్ళమ్మ మార్చమంటే మారుస్తానని చెప్పి మార్చలేదు." మెడ మీద చెమట తుడుచుకున్నారు. "చూస్తే అసహ్యం వేసిందండీ. ఆ దవడ మనిషి తాతముత్తాతలు ఎవరైతే నాకెందుకు? వాళ్ళిచ్చిన పన్ను వాళ్ళిచ్చారు. నాకు అసహ్యం వేసిందని తీసెయ్యడానికి నేనెవర్ని? తప్పు నాదండీ. నేను చేసింది తప్పు."

మేడమ్ రిపోర్టు కోసం సంయుక్త వైపు చెయ్యి చాపి, "ఆ అచ్చు తీసుకురండి, కొలిచి చూద్దాం," అన్నారు.